బ్యాంకాక్ వాట్ అరుణ్: మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో ఎప్పుడు, ఎలా వెళ్ళాలి?

గోదారిగట్టు:
వచ్చే నెల అమ్మానాన్నలతో బ్యాంకాక్ వెళ్తున్నాం. హోటల్ ప్రతూనామ్‌లో. గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ (వాట్ అంటే గుడి) మూడూ ఒకే రోజు పెట్టుకున్నాం. వాట్ అరుణ్‌కి సూర్యాస్తమయం వేళే వెళ్ళాలని అందరూ అంటున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. గోపురం పైకి ఎక్కకపోతే చూడ్డానికి ఏమైనా ఉంటుందా? దారి, టికెట్లు, బట్టల సంగతి కూడా చెప్పండి.

మెట్రోబాట:
ఆ వైపుకి టాక్సీ వద్దండీ, పాతబస్తీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. ప్రతూనామ్ దగ్గర రాచప్రారోప్‌లో ఎయిర్‌పోర్ట్ లింక్ రైలెక్కి తర్వాతి స్టేషన్ మక్కసాన్‌లో దిగండి. అక్కణ్ణించి నడక వంతెన మీదుగా పెట్చబురి మెట్రోకి వెళ్ళి, బ్లూ లైన్‌లో లక్ సాంగ్ వైపు వెళ్ళే బండెక్కితే నేరుగా సనామ్ చాయ్. మెట్రో గేటు దగ్గర వీసా, మాస్టర్‌కార్డ్ ఆనిస్తే చాలు, కాకపోతే మన కార్డుకి విదేశీ కాంటాక్ట్‌లెస్ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేసి ఉంచాలి. గేటు తెరుచుకోకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

సనామ్ చాయ్ నుంచి తా తియన్ రేవుకి పది నిమిషాల నడక. అవతలి ఒడ్డుకి లాంచీ మనిషికి 5 బాత్. ఇద్దరికి ఒక పది బాత్‌ల నాణెం. 2018కి ముందు నాటి నాణెమైతే వెనక్కి తిప్పి చూడండి, మీరు వెళ్ళబోయే గుడే ఉంటుంది. రేవు దగ్గర "ప్రత్యేక పడవ" అంటూ వందల్లో అడిగేవాళ్ళ వైపు చూడకండి. దిగేవాళ్ళంతా దిగాక, తేలే బల్ల ఊగడం తగ్గాక అమ్మగారిని ఎక్కించండి. బల్లకీ పడవకీ మధ్య సందు ఉంటుంది, కాలు జారేది అక్కడే.

నది కిందుగా ఇంకో స్టేషన్ పోతే ఇసరఫాప్ వస్తుంది. అక్కణ్ణించి లాంచీ అక్కర్లేదు గానీ కిలోమీటరు దాకా నడవాలి. మీకు లాంచీయే నయం.

తూర్పువెలుగు:
సూర్యాస్తమయం మాట సగమే నిజం. ప్రధాన గోపురం (థాయ్‌లో ప్రాంగ్ అంటారు) నదికి పడమటి ఒడ్డున తూర్పు ముఖంగా ఉంది. సాయంత్రం ఎండ దాని వెనక పడుతుంది. గుళ్ళో నిలబడితే మీకు కనిపించేది నీడపడ్డ గోడ. సాయంత్రం బాగుండేది ఇవతలి ఒడ్డున, తా తియన్ వైపు నుంచి చూస్తేనే. చీకటి పడ్డాక దీపాలు కూడా వేస్తారు.

గుడి 8 గంటలకి తెరిచి సాయంత్రం 6కి మూస్తారు. 8కే వెళ్ళండి. పింగాణీ మీద నేరుగా ఎండ పడి రంగులు తేలతాయి. పది దాటితే అద్దెకి తెచ్చుకున్న థాయ్ దుస్తులతో ఫొటోలు దిగేవాళ్ళు ప్రతి మెట్టు మీదా ఉంటారు. తెల్లటి గచ్చు మీద ఎండ కళ్ళలో కొడుతుంది కూడా.

ఇక మూడూ ఒకే రోజు అనేది పెద్దవాళ్ళకి అన్యాయం. పొద్దున్న వాట్ అరుణ్, లాంచీలో వెనక్కొచ్చి వాట్ ఫో (46 మీటర్ల శయన బుద్ధుడు), అంతే. గ్రాండ్ ప్యాలెస్ ఇంకో రోజు 8:30కి, తెరిచీ తెరవగానే. మధ్యాహ్నం 3:30 తర్వాత అక్కడ టికెట్ ఇవ్వరు. విదేశీయులకి టికెట్లు వాట్ అరుణ్‌కి 200, వాట్ ఫోకి 300, గ్రాండ్ ప్యాలెస్‌కి 500 బాత్‌లు. మనిషికి వెయ్యి అనుకోండి.

దారిలో ఎవరైనా ఆపి "ఈరోజు గుడి మూత, బుద్ధుడి పండుగ, 20 బాత్‌లకి టుక్‌టుక్‌లో వేరే గుళ్ళు తిప్పుతా" అంటే నవ్వి ముందుకెళ్ళండి. ఆ బండి చివరికి రత్నాల కొట్టు ముందు ఆగుతుంది.

పాతరాయి:
ఎక్కకపోయినా పోయేదేం లేదండీ. 2013–17 మరమ్మతుల తర్వాత ఎటూ కొన భాగందాకా వెళ్ళనివ్వడం లేదు. అసలు పనితనమంతా కింద కంటి ఎత్తులోనే ఉంది. లోపల ఇటుక, పైన గచ్చు, అందులో గుచ్చిన చైనా పింగాణీ. చైనా ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చిన సరుకే ఇక్కడ గోడకెక్కింది. ఒక పువ్వు దగ్గర ఆగి చూడండి: రేకులు పగిలిన పళ్ళేల ముక్కలు, మధ్య బొడ్డు ఒక సాసరు అడుగు, దాని గుండ్రటి అంచు అలాగే కనిపిస్తుంది. చేత్తో తడమొద్దు, అంచులు పెచ్చులూడతాయి.

అంతస్తుల కింద వరసగా భుజాలొడ్డి మోస్తున్నది యక్షులూ, కోతులూ. పైన గూళ్ళలో మూడు తలల ఐరావతం మీద ఇంద్రుడు. నాలుగు మూలల చిన్న గోపురాల్లో గుర్రమెక్కిన వాయుదేవుడు.

అమ్మగారికి తప్పకుండా చూపించాల్సింది పక్కనున్న ఉపోసథ మందిరం (భిక్షువులకి దీక్ష ఇచ్చే చోటు) గుమ్మం. చాలామంది అటు వెళ్ళకుండానే లాంచీ ఎక్కేస్తారు. కాపలా ఉన్న ఇద్దరిలో ఆకుపచ్చ ఒంటివాడు తోత్సకాన్, అంటే దశకంఠుడు, మన రావణుడే. తెల్లవాడు సహత్సదేచ. థాయ్ రామాయణం రామకియెన్‌లోని రాక్షసులు బుద్ధుడి గుమ్మం కాస్తున్నారు! రావణుడి తలలు మన బొమ్మల్లో మాదిరి అడ్డంగా కాక, కిరీటంలోకి అంతస్తులుగా పేర్చి ఉంటాయి. లోపలి బుద్ధ విగ్రహం పీఠంలో థాయ్ రాజు రెండో రామా అస్థికలున్నాయి. పెద్ద గోపురం పని మొదలైంది ఆయన కాలంలో, పూర్తయింది మూడో రామా హయాంలో. గ్రాండ్ ప్యాలెస్‌లో ఇప్పుడున్న మరకత బుద్ధుడు 1780ల దాకా ఇక్కడే ఉండేవాడు.

ఈ మందిరంలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పాలి. కూర్చుంటే కాళ్ళు విగ్రహం వైపు చాపకూడదు. ఆడవాళ్ళు భిక్షువుల్ని తాకకూడదు.

గోదారిగట్టు:
చాలా థాంక్సండీ. నాన్న పంచె కడతారు, పర్వాలేదా? ఆయన కొన్ని మెట్లైనా ఎక్కుతానంటున్నారు. తిండి?

పాతరాయి:
పంచె నిక్షేపంగా కట్టుకోవచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలన్నదే నియమం, పైకి మడిచి కట్టకపోతే చాలు. మెట్లు మాత్రం నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, ఎక్కడం కన్నా దిగడం కష్టం. కమ్మీ పట్టుకుని, మొహం మెట్ల వైపే ఉంచి వెనక్కి దిగమనండి. కుచ్చిళ్ళు ముందే కాస్త ఎత్తి దోపుకోవాలి.

మెట్రోబాట:
సనామ్ చాయ్ నుంచి వెనక్కొచ్చేటప్పుడు తర్వాతి స్టేషన్ సామ్ యోత్. అక్కడ దిగి పాహురాత్ (భారతీయుల పేట) వైపు నడిస్తే మన తిండి దొరుకుతుంది.