అప్‌డేట్: సెడ్జ్‌విక్‌ను తలుచుకున్నాం

క్వీర్ సిద్ధాంతానికి (లైంగికత, జెండర్‌ల గురించి సమాజం సహజమనుకునే భావనలను ప్రశ్నించే ఆలోచనాధారకు) పునాది వేసినవారిలో ఒకరైన ఈవ్ కొసోఫ్‌స్కీ సెడ్జ్‌విక్‌ను (1950–2009) హైదరాబాద్‌లో ఎలా స్మరించుకోవాలని ఆమధ్య అడిగాను కదా. ఉపన్యాసాలు వద్దు, చదివి వినిపించండి అన్న సలహానే పాటించాం.

నారాయణగూడలో మిత్రుల మేడ మీద పద్దెనిమిది మందిమి చేరాం. 1990లో వచ్చిన ఆమె ‘ఎపిస్టెమాలజీ ఆఫ్ ది క్లోజెట్’ పుస్తకం నుంచి రెండు పేజీలు తెలుగు చేసుకున్నాం. ‘క్లోజెట్’ అంటే మామూలుగా బట్టల అర; ఇక్కడ మాత్రం తమ లైంగికతను బయటపెట్టకుండా దాచుకుని బతకడం. దాన్ని ‘బీరువా’ అనగానే నవ్వులు. ‘చాటు’ దగ్గర అందరూ ఒప్పుకునేసరికి గంట పట్టింది. నాకిప్పటికీ సగం అసంతృప్తే.

చివరి ఏళ్లలో ఆమె వస్త్రకళలో మునిగిపోయారని చెప్పగానే, ఒక పెద్దావిడ తన పోచంపల్లి చీర కొంగు పరిచి, నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచే తీరు వేలితో చూపించారు.

అనువాదాన్ని పెన్సిల్ కొట్టివేతలతో సహా స్కాన్ చేశాం. కావలసినవారు అడగండి, పంపిస్తాను.