మేకలను కట్టి మేపాలా, తోలుకుపోయి మేపాలా? మా ఇంట్లో తేలని గొడవ

పాకాల దారి

మాది పాకాల దగ్గర పల్లె. ఇంట్లో 26 మేకలున్నాయి, అన్నీ నాటువే. 19 ఆడవి, ఒక పోతు, మిగతావి పిల్లలు. నాన్నకు 63 ఏళ్లు. పొద్దున సంగటి తిని తొమ్మిదికి తోలుకుపోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరతాడు. పోయిన నెల వంక దాటుతుంటే కాలు జారి మోకాలు వాచింది. పది రోజులు మంచం మీదే ఉన్నాడు. మేకలు దొడ్డిలో ఉండిపోయాయి. నేను తిరుపతిలో డ్యూటీ దిగి బస్సులో వచ్చి, చీకట్లో దోటి పట్టుకుని చింత కొమ్మ, వేప కొమ్మ లాగి వేశాను. మూడో రోజుకే మా ఇంటి చుట్టుపక్కల నాకు అందే కొమ్మలన్నీ అయిపోయాయి.

అప్పటి నుంచి షెడ్డు వేసి కట్టి మేపుదామని అంటున్నాను. నాన్న ఒప్పుకోడు. "కట్టేసి పెట్టడానికి అదేమన్నా కుక్కా?" అంటాడు. మాకు ఎకరా ముప్పావు తోతాపురి మామిడి ఉంది, బోరు ఉంది, అరెకరంలో చెనిక్కాయ వేస్తాం. ముందు మేపుకున్న బీళ్లన్నీ ఇప్పుడు మామిడి తోటలై కంచెలు పడ్డాయి. నాన్న రోజూ నడిచే దూరం ఏటేటా పెరుగుతోందే కానీ తగ్గడం లేదు.

20 ఆడ మేకలకు కట్టి మేపడం గిట్టుతుందా? చేసినవాళ్లు చెప్పండి.

అవిశె కంచె

తమ్ముడూ, నేను బంగారుపాళెం వైపు నాలుగేళ్లుగా కట్టే మేపుతున్నా. గిట్టుతుంది. కానీ ముందు మేత లెక్క చూసుకో, షెడ్డు తర్వాత. చాలామంది షెడ్డుతో మొదలుపెట్టి అక్కడే బోల్తా పడతారు.

పెద్ద మేకకు రోజుకు 3 నుంచి 4 కిలోల పచ్చిమేత కావాలి. అర కిలో పైన ఎండుమేత, 200 గ్రాముల దాకా దాణా. నీ 20 మేకలకు రోజుకు 80 కిలోల పచ్చిమేత అనుకో. ఏడాదికి 29 టన్నులు. బోరు కింద 40 సెంట్లలో సూపర్ నేపియర్ గడ్డి వేస్తే తూకానికి అంత వస్తుంది. కానీ మేక ఆకు తినే జీవం, ఆవు లాగా గడ్డి పెట్టి ఊరుకుంటే కుదరదు. కాడలు అలాగే వదిలేస్తుంది. అందుకే కంచె పొడుగునా అవిశె, మునగ, సుబాబుల్ వేశాను. సుబాబుల్ తేలిగ్గా పెరుగుతుంది కదా అని అదే పెట్టకు. మొత్తం మేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి. నా మేకలకే రాలాయి. చెనిక్కట్టె దొరికే కాలంలో వామి వేసుకుని టార్పాలిన్ కప్పి పెట్టుకో. కొమ్మ నేల మీద వేయకు, తాడుతో కట్టి వేలాడదీయి. ముంగాళ్లెత్తి తింటాయి. కింద పడి తొక్కిన ఆకును మేక మళ్లీ ముట్టదు.

ఇక షెడ్డు. మేకకు 10 చదరపు అడుగులు. నేను మంచె లాగా చెక్క పట్టీలతో నేల నుంచి మూడడుగుల ఎత్తులో వేసి తప్పు చేశాను. కింద పెంటికలు ఊడ్చాలంటే పాకుతూ పోవాలి, నడుం పోయింది. మనిషి వంగకుండా దూరేంత ఎత్తు పెట్టు. పట్టీకీ పట్టీకీ మధ్య సందు ఒకటిన్నర సెంటీమీటరు దాటితే పిల్లల కాళ్లు ఇరుక్కుంటాయి.

కట్టి మేపితే ఏ మేక తిన్నది, ఏది తినలేదు అనేది పూటకే తెలిసిపోతుంది. అమ్మకమూ మారింది. ముందు దళారి వచ్చి వీపు పట్టి చూసి జత ఇంత అనేవాడు. ఇప్పుడు తూకం వేసే ఇస్తున్నా. 25 కిలోల పోతును కోస్తే 12 కిలోల దాకా మాంసం పడుతుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

గుట్ట మీద మంద

అవిశె కంచె గారూ, మీ లెక్కలో గడ్డికి నీళ్లు తిప్పేదెవరు, కోసేదెవరు, మోసేదెవరు? కరెంటు రాత్రి వస్తే లేచేదెవరు? అవన్నీ ఊరికే అయిపోతాయా?

నాకు పలమనేరు పక్కన 45 మేకలు. మా వైపు అప్పుడప్పుడు ఏనుగులు దిగుతాయి. అయినా తోలడం మానలేదు, దారి మార్చుకుంటాం. మేక గుట్టెక్కితే ఒక పూటలో రేగు, బలుసు, తుమ్మ, జువ్వి, ఇంకా నాకు పేరు తెలియని పది ఆకులు రుచి చూస్తుంది. ఎండాకాలం సర్కారు తుమ్మకాయలే దాని దాణా. నాకు పైసా ఖర్చు లేదు. రాళ్ల మీద తిరిగితే గిట్టలు వాటంతట అవే అరుగుతాయి. షెడ్డులో ఉంటే చెప్పుల్లాగా పెరిగి వంకర తిరుగుతాయి, వాటిని కత్తిరించడం ఇంకో పని. ఎరువు కోసం రాత్రిపూట చేలో మందకడితే రైతు రాత్రికి ఇంత అని ఇస్తాడు, అది వేరే.

వీడియోల్లో చూపించే షెడ్లను రెండేళ్లయ్యాక మళ్లీ చూపించమనండి. మా మండలంలో ఒకాయన కేరళ నుంచి తలచ్చేరి మేకలు 60 తెప్పించాడు. రిబ్బన్ కట్టి ప్రారంభం కూడా చేయించాడు. ఇప్పుడు ఆ షెడ్డులో టమాట క్రేట్లు ఉన్నాయి.

తోట కాపు

మేకలవాళ్లు గుట్ట గురించే చెప్తారు, దారిలో మా తోటలు ఉంటాయని చెప్పరు. నేను పెట్టిన మామిడి అంట్లు 30, రెండేళ్ల మొక్కలు. ఒక్క మధ్యాహ్నం కాపరి చింతచెట్టు కింద కునుకు తీశాడు. మొక్కకు తల లేకుండా చేశాయి. ఆవు మేస్తే మళ్లీ చిగురిస్తుంది, మేక నోరు పడితే కొన కూడా మిగలదు. కట్టి మేపుకోండి, దండం పెడతా.

గుట్ట మీద మంద

అంట్లకు నష్టం కట్టాల్సిందే, కాదనను. కానీ ఆ తోట పక్క పోరంబోకు మా నాయన కాలంలో మేతభూమి. కంచె ఎవరు ఎంత జరిపారో మనం ఇక్కడ మాట్లాడుకోవద్దు.

తోట కాపు

మాట్లాడుకోవద్దు అంటూనే మాట్లాడేశారు.

తెల్ల కోటు

నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చివరి సంవత్సరం. పెద్దవాళ్ల గొడవలో దూరను కానీ జబ్బుల గురించి నాలుగు మాటలు.

షెడ్డులో పెడితే జబ్బులు రావనుకోకండి, వచ్చే జబ్బులు మారతాయి, అంతే. బయట తిరిగేవాటికి నట్టలు (కడుపులో పురుగులు), పిడుదులు, కుక్కలు, మందు కొట్టిన తోటలు. లోపల ఉండేవాటిలో పిల్లలకు కాక్సీడియా అనే పేగుల్లో చేరే సూక్ష్మజీవి వల్ల రక్త విరేచనాలు, ఇరుకులో నిమోనియా. షెడ్డు గాలి ఎలా ఉందో తెలియాలంటే నిలబడి చూస్తే లాభం లేదు. పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని, మేక ముక్కు ఎత్తులో గాలి పీల్చండి. కళ్లు మండితే మూత్రం నిలిచి అమోనియా పుడుతోందని అర్థం. మేక రాత్రంతా పీల్చింది అదే.

పారుడు రోగానికి, అంటే పీపీఆర్‌కు, టీకా ఒకసారి వేస్తే దాదాపు మూడేళ్లు కాపాడుతుంది. పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే చిటుక రోగం టీకా మాత్రం ఏటా వానలకు ముందు వేయించాలి. కొత్త చిగురు ఆబగా మేసినా, దాణా ఎక్కువైనా చిటుక వస్తుంది. కాబట్టి ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. నట్టల మందు మూడు నెలలకోసారి అన్నిటికీ తాగించేస్తుంటారు. అలా చేస్తే కొన్నాళ్లకు ఆ మందు పనిచేయదు. కింది కంటి రెప్ప తిప్పి చూడండి. లోపల ఎర్రగా ఉంటే సరే. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం తాగే నట్టలున్నట్టు. వాటికి తాగిస్తే చాలు.

కట్టి మేపేవాళ్లకు ఇంకొకటి. గడ్డి చాలడం లేదని లేత జొన్న, కోసిన జొన్న మోళ్ల పిలకలు వేయకండి. అందులో సైనైడు పుడుతుంది. వానలు మొహం చాటేసిన ఏడాది మరీ ఎక్కువ. మేత నోట్లో ఉండగానే పడిపోయిన మేకను నేను చూశాను.

కొడవలి

మాది పుత్తూరు వైపు. ఇంతమంది ఇంత రాశారు. మోసేదెవరు అని పెద్దాయన ఒక్కరే అడిగారు, ఆయనకూ జవాబు రాలేదు. నేను చెప్తాను.

మూడేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే గొడవ. మామకు వయసైంది, మేపలేడు అని మా ఆయన 18 మేకలకు షెడ్డు వేశాడు. అందరూ మెచ్చుకున్నారు. మామ నిజంగానే సుఖపడ్డాడు. అరుగు మీద కూర్చుని కాఫీ అడుగుతాడు. మా ఆయన ఫ్యాక్టరీకి పోతాడు. నేను ఐదున్నరకు లేచి రెండు మోపులు కోసి తేవాలి, సాయంత్రం ఇంకో రెండు. వానపడితే ఆకు తడిసి మోపు రెండింతల బరువు. ఆ తడి ఆకు అలాగే వేస్తే కడుపు ఉబ్బుతుందని ఆరబెట్టాలి. నేను గుమ్మం దాటితే చాలు, 18 నోళ్లూ ఒకేసారి మే అంటాయి. గుట్ట మీద ఉన్నప్పుడు వాటి ఆకలి వాటిది. కట్టేశాక వాటి ఆకలి నా నెత్తిన పడింది. మా చెల్లెలి పెండ్లికి రెండు రాత్రులుండి వచ్చాను, మూడో రాత్రి ఉండలేకపోయాను.

మామ మేపినన్నాళ్లూ ఊళ్లో ఆయన్ని మేకల కాపరి అన్నారు. నేను చేస్తుంటే ఏమీ అనరు, ఇంటి పని కిందికి వస్తుంది. పోయినేడు మేలో తిరుపతి గంగమ్మ జాతరకు ముందు పోతులకు మంచి ధర పలికింది. నాలుగు అమ్మాం. బండికి కొత్త టైర్లు వచ్చాయి.

షెడ్డు వద్దని అనడం లేదు. ఒక మంచి జరిగింది, అదీ చెప్పాలి. ముందు తల్లులు మేతకు పోతే పిల్లల్ని గంపల కింద మూసిపెట్టేవాళ్లం. గంపను తలతో ఎత్తుకుని బయటికి వచ్చిన పిల్లను కుక్క పట్టేది, ఏటా ఒకటో రెండో. ఈనిన గంటలోపు ముర్రుపాలు తాగిందో లేదో చూసేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదు, గుట్ట మీదే ఈనితే భుజాన వేసుకుని తెచ్చేవాడు మామ. ఇప్పుడు పిల్లలు దక్కుతున్నాయి.

పాకాల తమ్ముడూ, మీ ఇంట్లో ఆడవాళ్లను అడిగావా? నీ పోస్టులో నాన్న ఉన్నాడు, నువ్వున్నావు, బోరు కూడా ఉంది.

అవిశె కంచె

అక్కా, నా దగ్గర జీతగాడు ఉన్నాడు. ముందు రాయలేదు, తప్పే. నాకు 70 మేకలున్నాయి కాబట్టి అతని జీతం గిట్టుతుంది. 20 మేకల మీద జీతగాణ్ని పెట్టుకుంటే మేకలు అతనివే అవుతాయి.

సబ్సిడీ సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెప్తున్నా. కేంద్రం పథకం నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్లో మేకలకు 50 శాతం ఉంది. కానీ యూనిట్ మొదలయ్యేదే 100 ఆడ మేకలు, 5 పోతులతో. దానికి 10 లక్షల దాకా ఇస్తారు. 20 మేకల ఇంటికి ఆ గేటు తెరుచుకోదు. సబ్సిడీ కోసం వందకు పోదామనుకుంటే మాత్రం వద్దు తమ్ముడూ. మేత లెక్క ఐదింతలు చేసుకుని చూడు.

గుట్ట మీద మంద

అమ్మా కొడవలీ, మా కోడలు ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడం వేరే సంగతి అనుకో.

అబ్బాయ్, మీ నాయన మోకాలు చూసుకో. భాకరాపేట వైపు అడివికి తోలతాడా? అది రిజర్వు ఫారెస్టు, గార్డులు పట్టుకుంటే మాట పడాలి, చిరుతల భయం ఒకటి. అటు మాన్పించు. చెరువు కట్ట, వంక గట్టు చాలు ఒక పూటకు.

పాకాల దారి

రెండు రోజులు రాయలేదు, ఇంట్లో మాట్లాడుతున్నాం. అక్కా, అమ్మను అడిగాను. "ఇప్పుడు మాత్రం సూడి మేకలకూ పిల్లలకూ ఆకు తెచ్చేది ఎవరనుకున్నావురా?" అంది. నేను నిజంగా ఎప్పుడూ చూడలేదు. నా భార్య అయితే "కొడవలి అక్క నంబరు ఉంటే ఇప్పించు" అంది. అంతకంటే ఏమీ అనలేదు, అదే టెన్షన్‌గా ఉంది.

చివరికి ఇలా అనుకున్నాం. నాన్న పొద్దున ఎనిమిదికి తోలుకుపోయి ఒంటిగంటకు వచ్చేయాలి, చెరువు కట్ట దాటకూడదు. ఈనడానికి నెలన్నర ఉందనగా సూడి మేకలు, పిల్లలు ఇంటి దగ్గరే. వాటి వరకే చిన్న షెడ్డు, నాలుగు గుంజలు పాతి రేకులు. మంచె ఇప్పుడే వద్దు. మామిడి కంచెకు అవిశె గింజలు ఈ వానలకే పెడతాం, అవి ఎదిగేదాకా సాయంత్రం మోపు నేనే తేవాలని తీర్మానం జరిగింది. నేను సంతకం పెట్టలేదు కానీ తప్పించుకునే దారీ లేదు. ముసలి మేకలు ఐదింటిని అమ్మేద్దామన్నాను. నాన్న నాలుగింటిని చూపించాడు. ఐదోది చుక్క, దాన్ని ముట్టుకోనివ్వడు. దానికి పళ్లు కూడా లేవు.

అందరూ మాట్లాడుకుంటుంటే తెల్ల కోటు అమ్మాయి చెప్పినట్టు నాన్న ఒక్కో మేకనూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని రెప్ప తిప్పి చూశాడు. నేను సెల్లు లైటు పట్టుకున్నాను. నాలుగింటికి తెల్లగా ఉంది, చుక్కకు మరీ. రేపు పొద్దున వాటి పేడ తీసుకుని పశువుల ఆస్పత్రికి పోతున్నా.

గుట్ట మీద మంద

మేకది పేడ అనరు అబ్బాయ్. పెంటికలు. అక్కడ అలా అడిగేవు, నవ్వుతారు.