అప్‌డేట్: చాప్టర్ 7 (అమెరికాలో ఒక రకం దివాలా) వేశాను, డిశ్చార్జ్ (అప్పుల రద్దు) ఆర్డర్ వచ్చింది

ఉద్యోగం పోయి, క్రెడిట్ కార్డులు, ఆసుపత్రి బిల్లులు మీద పడ్డాయని, టెక్సస్‌లో దివాలా పిటిషన్ వేస్తే మా ఆవిడ నగలు, గుంటూరులో స్థలం పోతాయా అని అడిగాను కదా. పోలేదు.

ఇక్కడి లోకల్ లాయర్‌నే పెట్టుకున్నాం. ఆయన మొదట అడిగింది ఇండియా లెక్కలే. ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ప్రవాసులకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) ఉన్న కాస్త డబ్బు కూడా ఫారంలో రాయించారు. స్థలం నాన్న కొన్నది, ఆయన పేరు మీదే ఉంది కాబట్టి నా ఆస్తి కిందికి రాలేదు. నగలకు టెక్సస్ చట్టంలో మినహాయింపు ఉంది: కుటుంబానికి వస్తువుల మీద 1,00,000 డాలర్లు, అందులో నగలు 25 శాతం దాకా. గాజులు, నల్లపూసలు, హారం ఒక్కొక్కటీ తూకంతో సహా రాసిచ్చాం.

ముందు క్రెడిట్ కౌన్సెలింగ్ కోర్సు చేయాలి, ఆన్‌లైన్లో అయిపోతుంది. కోర్టు ఫీజు 338 డాలర్లు, లాయర్ ఫీజు వేరు. పిటిషన్ పడ్డాక వసూళ్ల ఫోన్లు ఆగిపోయాయి. హాయిగా నిద్ర పట్టింది.

ట్రస్టీతో (దివాలా కేసు చూసే అధికారి) మీటింగ్ జూమ్‌లో. టెన్షన్‌తో చచ్చాను గానీ, ఐడీ చూసి, ప్రమాణం చేయించి, నాలుగు ప్రశ్నలడిగి వదిలేశారు. అప్పులవాళ్ళు ఒక్కరూ రాలేదు. తర్వాత డబ్బు నిర్వహణ మీద రెండో కోర్సు, ఆపైన డిశ్చార్జ్.

స్టూడెంట్ లోన్ మాత్రం కట్టాల్సిందే. క్రెడిట్ రిపోర్టులో ఈ దివాలా 10 ఏళ్ళు కనిపిస్తుంది. ఊళ్ళో "అమెరికా వెళ్ళి ఐపీ పెట్టాడు" అంటున్నారట, అననివ్వండి. 401కే (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లోంచి తీసి కార్డులు కట్టేయమన్నవాళ్ళకు మాత్రం చెప్పాలి: దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, మొత్తం అలాగే ఉంది.