మిద్దె మీద గుండుమల్లె: ఆకు బోలెడు, మొగ్గ కరువు

ప్రశ్న (కావలి):
అందరికీ నమస్కారం. మిద్దె మీద పన్నెండంగుళాల కుండీలో గుండుమల్లె పెట్టాను, మూడేళ్ల చెట్టు. తీగలు పిట్టగోడ దాటిపోతున్నాయి గానీ పోయిన ఎండాకాలం జడలోకి సరిపడా పూలు కూడా రాలేదు. ఇప్పుడేమో లేత ఆకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. మాది ఉప్పు బోరు. నెలకోసారి గుప్పెడు డీఏపీ వేస్తున్నా. ఇంకేం వేయాలి?

జవాబు (ఒంగోలు):
ఇంకేమీ వేయొద్దమ్మా, ముందు ఆ డీఏపీ ఆపండి. దాంట్లో నత్రజని అంతా ఆకుకే పోతోంది. భాస్వరం మట్టిలో పేరుకుంటే చెట్టుకు ఇనుము అందదు. మీరు చెప్పిన పసుపు ఇనుము లోపమే, బోరు నీళ్లూ దానికి తోడయ్యాయి. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము లీటరు నీళ్లలో కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టండి. వారం ఎడంతో రెండు మూడు సార్లు చాలు. గచ్చు మీద పడితే తుప్పు మరక వదలదు, కింద పాత గోనె పరవండి.

పూల సంగతి వేరు. మల్లె కొత్త చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. మీరు పాత తీగలను పెంచుకుంటూ పోతున్నారు. తోటల్లో ఏటా నీళ్లు ఆపి చెట్టును బెట్ట పెడతారు, ఆకు దూసి కొమ్మలు కోస్తారు. చాలాచోట్ల నవంబరు చివర్లో కోయమని రాస్తారు. మన నెల్లూరు, ప్రకాశం వైపు అప్పుడే గదా తుపాన్లూ ముసుర్లూ! వానలో బెట్ట ఎట్టా పెడతాం? అందుకని ముసురు వదిలాక, సంక్రాంతికి అటూ ఇటూగా పెట్టుకోండి.

కుండీ త్వరగా ఎండుతుంది కాబట్టి రోజూ చూడండి. ఆకు వాడితే చాలు, కొమ్మ ఎండనివ్వద్దు. తర్వాత అడుగు, అడుగున్నర ఎత్తులో కోసి, ఎండుపుల్లలు, సన్న రెమ్మలు తీసేసి, మిగిలిన ఆకు దూసేయండి. మోడులా కనపడుతుంది, భయపడొద్దు. అప్పుడే పదహారు, పద్దెనిమిదంగుళాల కుండీలోకి మార్చండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే సరి. ఒట్టి నల్లరేగడి మాత్రం వద్దు, తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. మార్చాక నీళ్లు మొదలుపెడితే మార్చి నుంచి మొగ్గ చూస్తారు.

జవాబు (కందుకూరు):
నీళ్ల గురించి ఒక మాట. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా అవుతున్నాయని మొక్కలకు పోస్తుంటారు. ఉప్పంతా వాటిలోనే ఉంటుందండీ, బోరు నీళ్లకంటే అన్యాయం. ఏసీ నీళ్లు పోయొచ్చు. కుండీ అంచున తెల్లగా పొరకడితే ఉప్పు పేరుకున్నట్టే. వానాకాలంలో కుండీని చూరు కిందికి జరపకుండా వానలోనే ఉంచండి, అడుగు రంధ్రం తెరిచి ఉంటే ఉప్పు కడుక్కుపోతుంది.

ప్రశ్న (కావలి):
చాలా థాంక్సండీ. కుండీ నీళ్ల ట్యాంకు పక్కన నీడలో ఉంది, మధ్యాహ్నం దాకా ఎండ తగలదు. పర్లేదా?

జవాబు (ఒంగోలు):
ఇది ముందు చెప్పాల్సింది తల్లీ! పైన రాసినవన్నీ చేసినా నీడలో పూలు రావు. రోజుకు ఆరు గంటల ఎండ పడేచోటికి మార్చండి. మన ఎండకు మల్లె బెదరదు, కుండీ మట్టే వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పైన ఎండుగడ్డి పరిచి పొద్దునా సాయంత్రం తడపండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, చిల్లులు కనపడితే అది మొగ్గతొలిచే పురుగు. అవి ఏరి పారేసి, వేపనూనె 5 మి.లీ., కొంచెం సబ్బునీళ్లు లీటరుకు కలిపి కొట్టండి.

ప్రశ్న (కావలి):
కోసిన కొమ్మలు నాటితే బతుకుతాయా? పక్కింటి అత్తమ్మ ఇప్పుడే అడుగుతోంది.

జవాబు (కందుకూరు):
మరీ లేతవీ, మరీ ముదురువీ కాకుండా మూడు నాలుగు కణుపులున్నవి ఏరి ఇవ్వండి. తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచమనండి. ఏటి ఇసుకే వాడాలి, సముద్రపు ఇసుక వద్దు.