మెట్ల మీద ట్యూబ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి, అయినా ఎల్‌ఈడీలు కొనాలా?

మియాపూర్ వాసి:
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో తెగని వాదన ఇది. మెట్ల మీద, పార్కింగ్‌లో రాగి చోక్ (ట్యూబ్‌కు పోయే కరెంటును అదుపు చేసే తీగ చుట్ట) ఉన్న పాత 36 వాట్ల ట్యూబ్‌లైట్లు సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా వెలుగుతాయి. అన్నీ ఒకేసారి తీసేసి 20 వాట్ల ఎల్‌ఈడీలు పెడదామని కొందరు. పనిచేసేవి తీసేయడం దండగ, పోయినప్పుడు మార్చుకుందామని మిగతావాళ్లు. మీరేమంటారు?

ఉప్పల్ నుంచి:
పోయేదాకా ఆగండి. ఎల్‌ఈడీ బల్బుల డబ్బా మీద 25,000 గంటలని రాస్తారు. మా గేటు దగ్గర గాజు డోముల్లో పెట్టినవి ఏడాది తిరక్కుండానే పోయాయి. మిగిలిన కరెంటు డబ్బులు కొత్త బల్బులకే సరిపోయాయి. పైగా ట్యూబ్‌లైట్ ఏమీ ఫిలమెంట్ బల్బులా కరెంటు తాగదు.

ఫిజిక్స్ టీచర్, దిల్‌సుఖ్‌నగర్:
చివరి మాట నిజమే. ఫిలమెంట్ బల్బులో టంగ్‌స్టన్ తీగ దాదాపు 2,500 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. అంత కాగినా కంటికి కనిపించే వెలుతురుగా వచ్చేది నూటికి పది వంతులు కూడా ఉండదు, మిగతాదంతా వేడే. ట్యూబ్‌లో పాదరసం ఆవిరి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను గాజు లోపలి పూత వెలుతురుగా మారుస్తుంది. అందుకే అది చాలా నయం.

కానీ చోక్‌ను లెక్కలోకి తీసుకోవాలండీ. అదొక్కటే 10 వాట్లు తింటుందనుకోండి, మొత్తం 46. ఎల్‌ఈడీతో తేడా 26 వాట్లు. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి 4,380 గంటలు, అంటే ఒక్కో లైటుకు దాదాపు 114 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 900 పైమాటే. కొత్త ఫిట్టింగ్ 300 అయినా నాలుగు నెలల్లో వచ్చేస్తుంది.

అదే ట్యూబ్ స్టోర్‌రూమ్‌లో రోజుకు అరగంటే వెలిగితే ఏడాదికి మిగిలేది 5 యూనిట్లు కూడా కాదు. అక్కడ మార్చడం నిజంగానే దండగ. లైటు పాతదా కొత్తదా అని కాదు, ఎన్ని గంటలు వెలుగుతుందో చూడండి.

ఇక డోముల సంగతి. ఎల్‌ఈడీ వేడి కిరణాలుగా ముందుకు పోదు, వెనక లోహం గుండా గాలిలోకి పోవాలి. మూసిన డోములో, అదీ మన మే నెల ఎండల్లో, ఆ దారి ఉండదు. చాలాసార్లు వెలుతురిచ్చే చిప్ బాగానే ఉంటుంది, దానికి కరెంటును సరిచేసి ఇచ్చే సర్క్యూట్ (డ్రైవర్)లోని కెపాసిటర్ ఎండిపోతుంది. మెట్ల మీద తెరిచి ఉండే ఫిట్టింగ్‌కు ఈ బాధ తక్కువ.

ఉప్పల్ నుంచి:
గంటల లెక్క ఒప్పుకుంటాను. మరి వెలుతురు తగ్గదా? మెట్ల మీద పెద్దవాళ్లు నడుస్తారు. తీసిన ట్యూబుల్లో పాదరసం ఉంది కదా, అన్నీ ఒకేసారి చెత్తబండిలో వేస్తారా?

ఫిజిక్స్ టీచర్, దిల్‌సుఖ్‌నగర్:
ట్యూబ్ వెలుతురు చుట్టూ పరుచుకుంటుంది, కొంత గోడకే పోతుంది. ఎల్‌ఈడీది ఎక్కువగా ముందుకే వస్తుంది. అయినా ముందు ఒక అంతస్తులో పెట్టి, రాత్రిపూట పెద్దవాళ్లతో నడిపించి చూడండి. చాలకపోతే మలుపుల దగ్గర ఎక్కువ ల్యూమెన్లవి (ల్యూమెన్ అంటే వెలుతురు కొలత) తీసుకోండి. కొనేటప్పుడు మొత్తం ఫిట్టింగే కొనండి. పాత పట్టీలో ఉత్త ఎల్‌ఈడీ ట్యూబ్ బిగిస్తే కొన్ని రకాల్లో చోక్ అలాగే ఉండిపోయి కరెంటు తింటుంది.

ట్యూబులు చెత్తబండిలో వేయకూడదు, పగిలితే పాదరసం ఆవిరిని చెత్త ఎత్తే కుర్రాళ్లే పీలుస్తారు. బాగున్నవి అట్టపెట్టెలో దాచి స్టోర్‌రూమ్, మీటర్ల గదికి వాడుకోండి. పోయినవి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.