కర్ణాటక సంగీతం పడని నాకు మాండొలిన్ శ్రీనివాస్ ఎలా ఎక్కాడు?

మాది తిరుపతి. చిన్నప్పటి నుంచి సినిమా పాటలు తప్ప ఏమీ వినను, ఇంట్లో అమ్మ పెట్టే కచేరీలకు మాత్రం ఆమడ దూరం. మహతి ఆడిటోరియానికి ఒకసారి బలవంతంగా తీసుకెళ్తే ఒకే లైను పది నిమిషాలు తిప్పి తిప్పి పాడుతుంటే నిద్రపోయాను, అమ్మ తొడపాశం పెట్టి లేపింది.

మొన్న లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే పక్క బండిలోంచి ఏదో గిటార్ లాంటిది, మెరుపులా పరిగెత్తి ఒక్కచోట ఆగి స్వరాన్ని అలా వంచింది చూడండి, చేతిలో టీ చల్లారిపోయింది. అడిగితే మాండొలిన్ శ్రీనివాస్ అన్నారు. పాలకొల్లులో పుట్టి 2014లో 45 ఏళ్లకే పోయాడట. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలైతే ఈయనది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్‌దట, గమకాలు, అంటే స్వరాన్ని అలా వంచి ఊపడాలు, అంత బాగా పలకడానికి అదే కారణమా?

అప్పటి నుంచి చిత్తూరు బస్సులో రోజూ అదే. సరే, రుచి మారిందేమో అని కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్ విన్నా, సగం నచ్చింది. గాత్రం పెడితే మళ్లీ ఆవులింతలే.

అంటే నాకు నచ్చింది రాగమా, వాయిద్యమా, ఆ స్పీడా? తెలిసినవాళ్లు చెప్పండి అన్నా, అక్కా. తర్వాత ఎవరిని వినాలి, వీణా, వేణువా? గాత్రంలో నాలాంటివాడు మొదలుపెట్టదగ్గవాళ్లు ఎవరైనా ఉన్నారా? అమ్మకు తెలియకుండా చెప్పండి, తెలిస్తే ఏడాది పాటు దెప్పుతుంది.