జెంటూ ప్రొఫైళ్లు: సిద్ధంగా ఉన్నవే చాలా, ముక్కలుగా పేర్చుకోనివ్వాలా?

కృష్ణాతీరం:
జెంటూ లినక్స్‌లో ఒక్కో రకం యంత్రానికి సిద్ధం చేసి ఉంచిన మూల సెట్టింగుల కట్టే ప్రొఫైలు. ఈసెలెక్ట్ అనే ఆదేశంతో ఆ ప్రొఫైళ్ల జాబితా తీసి చూడండి. డెస్క్‌టాప్, దాని కింద గ్నోమ్ అనే తెర వాతావరణం, గ్నోమ్ కింద యంత్రాన్ని మొదలుపెట్టి సేవలు నడిపే సిస్టమ్‌డీ. మళ్లీ ప్లాస్మా అనే మరో తెర వాతావరణం, దాని కిందా సిస్టమ్‌డీ. ఆ పక్కన భద్రత బిగించిన హార్డెన్డ్, సెలినక్స్, ఎల్ఎల్‌వీఎం, నో-మల్టీలిబ్. ఇన్ని ఉన్నా నాకు కావలసినది మాత్రం లేదు: హార్డెన్డ్ మీద ప్లాస్మా. కొత్త అవసరం వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త డైరెక్టరీ పుట్టాలంటే ఈ జాబితాకు అంతు ఉండదు.

లోపల చూస్తే ఇవన్నీ ముక్కలే. ప్రతి ప్రొఫైలులోనూ పేరెంట్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఏ ప్రొఫైళ్ల నుంచి వారసత్వం తీసుకోవాలో అందులో వరసకు ఒకటి చొప్పున రాసి ఉంటుంది. డెస్క్‌టాప్, సిస్టమ్‌డీ ముక్కలు టార్గెట్స్ డైరెక్టరీలో విడివిడిగానే ఉన్నాయి. ఆ తలుపు వాడేవారికి అధికారికంగా తెరవమంటున్నాను. జెంటూ నుంచి పుట్టిన ఫన్టూలో మిక్సిన్ల పేరుతో ఇదే పద్ధతి ఉండేది.

రాత్రిపాళీ:
ఫన్టూ 2024లో మూతపడింది. ఇంక చర్చ దేనికి?

కృష్ణాతీరం:
మిక్సిన్ల వల్లే మూతపడిందని ఎవరు చెప్పారు? ఇల్లు అమ్ముకున్నంత మాత్రాన వంటగది చెడ్డదైపోదు.

వేపచెట్టు:
నేను దీనికి ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

ఒక కాలేజీ ల్యాబులో ముప్ఫై రెండు కంప్యూటర్లు నా చేతికి వచ్చాయి. అంతకు ముందు చూసుకున్నాయన సొంత ముక్కలు రాసి, పేరెంట్ ఫైలులో నాలుగు వరసలు పేర్చి వెళ్లిపోయారు: మూల ప్రొఫైలు, "కనీసం", డెస్క్‌టాప్, "ల్యాబు". "కనీసం" అనే ముక్కలో మైనస్ ఎక్స్, మైనస్ కప్స్ ఉన్నాయి, అంటే తెర మీద బొమ్మ చూపే ఎక్స్, ప్రింటర్లు నడిపే కప్స్ వద్దని చెప్పే ఫ్లాగులు. ప్యాకేజీలు కట్టే యంత్రం కోసం రాసిన ముక్క అది, అన్నింటికీ నకలు చేశారు. ఆ తరువాత ఎవరో ఫైలు చక్కగా ఉండాలని సొంత ముక్కలు రెండింటినీ ఒక చోటికి చేర్చి డెస్క్‌టాప్ కిందకు దించారు. జెంటూలో ఒకే ఫ్లాగును రెండు ముక్కలు ముట్టుకుంటే చివర చదివినదే నిలుస్తుంది. తప్పని ఎక్కడా ఒక్క హెచ్చరిక రాదు.

మరుసటి అప్‌డేట్‌లో ప్యాకేజీలు కట్టే ఎమర్జ్ ఆదేశం పేజీలకు పేజీలు ఫిర్యాదు చేసింది, ఫలానా ప్యాకేజీకి ఎక్స్ కావాలి అని. అందులో సర్దుబాట్లు తానే సూచించే ఆటోఅన్‌మాస్క్ చూపించిన మార్పులన్నింటికీ పిల్లలు సరే అన్నారు. నేను చేరేసరికి, ఒక్కో ప్యాకేజీకి విడిగా ఫ్లాగులు రాసే ప్యాకేజ్.యూజ్ ఫైలులో రెండు వందల పైచిలుకు వరసలు ఉన్నాయి. ఏది ఎందుకు ఉందో చెప్పగలిగే మనిషి ఒక్కరూ లేరు. మూలం ఆ ఒక్క వరస అని కనిపెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. దాన్ని సరిదిద్దాక కూడా ప్యాకేజ్.యూజ్ ప్రొఫైలు కన్నా బలమైనది కాబట్టి ఆ చెత్త అలాగే పనిచేస్తూ ఉండిపోయింది.

మూలపాఠి:
తప్పు వరసలది కాదు, ఆటోఅన్‌మాస్క్‌ది. అది లేకపోతే మొదటి రోజే దొరికిపోయేది.

వేపచెట్టు:
ఆటోఅన్‌మాస్క్ చెప్పినదానికి తల ఊపాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో మీరు అడగడం లేదు.

కొత్తచిగురు:
ప్రొఫైలు మార్చితే అన్నీ మళ్లీ కంపైల్ చేయాలా?

మూలపాఠి:
దేని నుంచి దేనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2024 మార్చిలో 23.0 ప్రొఫైళ్లు వచ్చినప్పుడు అన్నీ చేయించారు. డెస్క్‌టాప్ నుంచి ప్లాస్మాకు మారితే ఫ్లాగులు మారినవి మాత్రం చాలు.

కృష్ణాతీరం గారూ, మీకు హార్డెన్డ్ నిజంగా అవసరమా? 2017లో వచ్చిన 17.0 ప్రొఫైళ్ల నుంచే ప్రోగ్రాములను మెమరీలో ఎక్కడైనా చేర్చగలిగేలా కట్టే పీఐఈ రక్షణ అప్రమేయంగా ఉంది. స్టాక్ రక్షణ ఎలాగూ ఉంది. హార్డెన్డ్ దానిపైన చేర్చేది బఫర్ హద్దు దాటడాన్ని పట్టే ఫోర్టిఫై సోర్స్ మూడో స్థాయి, సీ ప్లస్‌ప్లస్ లైబ్రరీ తనిఖీలు, అలాంటివి మరికొన్ని.

కృష్ణాతీరం:
నాకు ఏది అవసరమో మీరు తేల్చడం దగ్గరే నాకు కోపం వస్తుంది. మా అక్క క్లినిక్‌లో రోగుల వివరాలున్న యంత్రం చూసుకునేది నేను. తెర మీద వాళ్లకు అలవాటైనది ప్లాస్మా. ఆ యంత్రం లోపల గట్టిగా ఉండాలి. అడిగిన ప్రతిచోటా ఒకటే జవాబు: జాబితాలో లేదు కాబట్టి వద్దు. వేపచెట్టు గారు ఎవరో చేసిన అజాగ్రత్తను తెచ్చి నా నెత్తిన రుద్దుతున్నారు.

వేపచెట్టు:
అజాగ్రత్త అంటారా? ఆ పదకొండు రోజులూ పరీక్షలు వాయిదా పడ్డాయి. పిల్లల ముందు నిలబడి మాట పడింది నేను, రాసి వెళ్లిపోయిన మనిషి కాదు. సిద్ధంగా ఉన్న ప్రొఫైలు పాడైతే అదే వాడే మరో వెయ్యి మంది దగ్గరా పాడవుతుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. మీరు పేర్చుకున్నది ప్రపంచంలో మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. అది చెడిపోయే రోజున మీరు అక్కడ లేకపోతే మీ అక్క ఎవరికి ఫోను చేయాలి? ముక్కలు మంచివా చెడ్డవా అన్నది కాదు నా గొడవ. మీ తరువాత వచ్చేవాడి గురించి మీరు ఒక్క మాట కూడా అనలేదు.

కృష్ణాతీరం:
ఇది మొదటే అడిగి ఉండవలసింది. అక్క ఫోను నాకే చేస్తుంది. నా తరువాత ఎవరికి అంటే, ఆలోచించలేదు.

సాగరఘోష:
ఇద్దరూ గమనించనిది ఒకటి ఉంది. నిక్స్‌ఓఎస్ అనే మరో లినక్స్‌లో కూడా అన్నీ మాడ్యూళ్లే. అయినా రెండు మాడ్యూళ్లు ఒకే ఐచ్ఛికానికి ఒకటి అవునని, ఒకటి కాదని చెబితే అది ఆగిపోతుంది. విలువలు ఢీకొన్నాయి అంటూ ఏ ఏ ఫైళ్లో పేర్లు చూపిస్తుంది. ఒకటే నిలవాలంటే మీరే ఎంకే-ఫోర్స్ అని చేత్తో రాయాలి. ఆ మాట ఫైలులో ఉండిపోతుంది, తరువాత వచ్చినవాడు చదువుకుంటాడు. ల్యాబులో ఇది ఉంటే ఆ వరస కదిలిన రోజే అందరికీ తెలిసిపోయేది.

మూలపాఠి:
జెంటూలో అలా కుదరదు. డెస్క్‌టాప్ తెరిచిన ఫ్లాగును కింది ప్రొఫైలు మూయడం ఇక్కడ తప్పు కాదు, వారసత్వం అంటేనే అది. పైగా అన్ని ముక్కలూ కలవవు. ఒకదాని బదులు ఒకటి వాడే మూల సీ లైబ్రరీలు మజిల్, గ్లిబ్‌సీ రెండూ ఒకే పేరెంట్‌లో పెడితే ఏమి వస్తుంది?

సాగరఘోష:
అవే కలవవని యంత్రం చెప్పాలంటున్నాను. మనిషి గుర్తుపెట్టుకోవడం కాదు.

వేపచెట్టు:
కృష్ణాతీరం గారూ, సొంత రిపోజిటరీ పెట్టుకుంటే మీ హార్డెన్డ్ ప్లాస్మా ఇవాళే వస్తుంది. దాని సెట్టింగుల ఫైలు లేఅవుట్.కాన్ఫ్‌లో ప్రొఫైల్ ఫార్మాట్స్ దగ్గర పోర్టేజ్-2 అని రాయండి. పేరెంట్‌లో ముందు హార్డెన్డ్, తరువాత టార్గెట్స్ కింది ప్లాస్మా. అందులో నాకు అభ్యంతరం లేదు. పేరెంట్ ఫైలులో హాష్ గుర్తు పెట్టి వ్యాఖ్య రాయవచ్చు. ఈ వరస ఎందుకు ఇక్కడ, దీన్ని కదిపితే ఏమవుతుంది, ఎవరిని అడగాలి అన్నది ప్రతి వరస పైనా రాయండి. అది లేని ముక్కను నా యంత్రాల దగ్గరికి రానివ్వను.

కృష్ణాతీరం:
రాశాను. రెండు వరసలకు ఏడు వరసల వ్యాఖ్య అయింది. అక్క నంబరు, నా నంబరు కాగితం మీద రాసి యంత్రానికి అంటించాను. అయినా అధికారికంగా తెరవాలన్న మాట వెనక్కి తీసుకోవడం లేదు.

కొత్తచిగురు:
మా ఇంట్లో ఉన్నది సిస్టమ్‌డీ. మీ రెండు వరసల్లో దాన్ని పైన పెట్టాలా, కింద పెట్టాలా?